పెరటి సంసారం

నల్లమల అడవి అంచున వెలసిన ఊరు ఆత్మకూరు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఎండ మాత్రం మారలేదు. చైత్రం వచ్చిందంటే చాలు, నేల నెర్రెలు విచ్చుతుంది. బిందెడు నీటికి విలువ పెరుగుతుంది. అటువంటి చోట పెరట్లో మొక్కలు పెంచడం ఒక సాహసం. ఆ పెరట్లోనే కోళ్లను కూడా పెంచడం అంతకు మించిన సాహసం. ఈ రెండింటికీ పూనుకున్న వృద్ధ దంపతులు ఆ ఊళ్లో ఉన్నారు.

ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మొక్కలు ఆయన శాఖ. కోళ్లు ఆయన ఇల్లాలి శాఖ. రెండు శాఖలకూ ఉన్న రాజ్యం ఒక్కటే, అదీ నాలుగు సెంట్ల నేల. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాస్టారు నీటి విషయంలో మహా పొదుపరి. బియ్యం కడిగిన నీరు కరివేపాకు చెట్టుకు, కూరగాయలు కడిగిన నీరు అరటి పాదుకు చేరవలసిందే. వంగ, మిరప మొక్కల నడుమ మట్టికుండలను మెడ వరకు పాతి, నీళ్లు పోసి మూత పెడతారు. కుండ అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు మెల్లగా చెమర్చి వేళ్లకు అందుతుంది. పైనేల పొడిగా ఉంటుంది కనుక ఆవిరై పోయేది తక్కువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఆయనకు గిట్టదు. ఇంట్లో ఎవరు తుమ్మినా గిన్నెడు తులసి కషాయం సిద్ధం!

ఆమెకు ఏడు పెట్టలు, ఒక పుంజు. పొదుగుకు కూర్చున్న పెట్ట దగ్గరకు ఎవరినీ పోనివ్వరు. పిల్లలు బయటపడడానికి 21 రోజులు పడుతుంది. అన్నాళ్లూ ఆ పెట్ట మేతకూ నీళ్లకూ కాసేపు తప్ప గంప దిగదు. గుడ్లకు అన్ని వైపులా వేడి తగిలేటట్లు ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది. గుడ్లు అమ్మగా వచ్చిన రూపాయలు ఆమె కొంగుముడిలో చేరుతాయి. ఆ ముడి ఒక్కరి కోసమే విప్పుతారు. ఇంటర్మీడియట్ చదివే మనవరాలి రికార్డు పుస్తకాలు, బస్సు చార్జీలు ఆ ముడిలో నుండి రావలసినవే.

ఒకనాటి సాయంత్రం మాస్టారు ఇరవై వంగ నారు మొక్కలు నాటారు. తెల్లవారి చూస్తే మూడు మిగిలాయి. మిగతా చోట గుంతలు, ఆ గుంతల్లో రెక్కలు చాచి పరమానందంగా పొర్లుతున్న పెట్టలు!

“ఇవి కోళ్లా, పొక్లెయిన్లా? ఈరోజే సంతకు పంపించు” అన్నారాయన.

“తడి నేల చూపించి రావద్దంటే అవి మాత్రం ఏం చేస్తాయండీ? నోరు లేని జీవాలు” అన్నారామె. అప్పుడే పుంజు గొంతెత్తి కూసింది. నోరు లేని జీవమన్న వాదం అక్కడితో వీగిపోయింది.

తగవు మనవరాలి దగ్గరకు వచ్చింది. “తాతా! కోడికి చెమట పట్టదు. అందుకే ఎండకు చల్లని మట్టిని వెతుక్కుంటుంది. ఈకల్లోని పేలను వదిలించుకోవడానికి దుమ్ములో పొర్లుతుంది. అది దాని స్నానం” అంది. అంతటితో ఆగక, పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి అయినా, కాళ్లకు పసుపు రంగునిచ్చే జన్యువు దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చిందని 2008లో ప్రచురితమైన పరిశోధన తేల్చిందని చెప్పింది. అవ్వ తన పసుపు కాళ్ల పెట్టల వంక గర్వంగా చూశారు. “విన్నారా? మనకంటే ముందే ఈ నేల వాటిది!”

తీర్పు ప్రకారం లేత మొక్కల చుట్టూ తడిక లేచింది. కోళ్లకు ఒక మూల బూడిద, ఇసుక కలిపిన గుంత ఏర్పడింది. కోళ్ల పెంట మొక్కలకు దక్కింది. మాస్టారు తొందరపడి పచ్చి పెంటనే మిరపకు వేశారు. నాలుగు రోజుల్లో ఆకులు మాడిపోయాయి. కొన్ని నెలలు ఆకుచెత్తతో కలిపి మాగనిస్తే తప్ప ఆ ఎరువు వేడి చల్లారదని తెలిసివచ్చింది.

ఆ మరుసటి వేసవిలో వీధికి కొక్కెర తెగులు వచ్చింది. పెట్టలు మెడలు మెలితిప్పుకొని ఒకదాని వెంట ఒకటి నేలకొరిగాయి. వారం తిరిగేసరికి గంప కింద ఒక్కటే మిగిలింది. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం కాగానే అలవాటుగా దోసెడు గింజలు తెచ్చి, చల్లబోయి, సగం తిరిగి డబ్బాలో పోసేవారు. ఆ నెల కొంగుముడి విప్పలేదు. విప్పడానికి అందులో ఏమీ లేదు.

తడిక అవసరం లేకుండా పోయింది. మాస్టారికి మాత్రం సంతోషం కలగలేదు. వంగ తోటలో పురుగు పెరిగింది. మునుపు కోళ్లు ఏరుకు తినేవి కాబట్టి అది ఆయన కంటబడలేదు. పొద్దున్నే కోపగించుకోవడానికి కూడా ఎవరూ లేరు.

తెగులు సద్దుమణిగి, గంపలన్నీ కడిగి ఎండబెట్టిన చాలా రోజులకు, మాస్టారు పశువుల ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. ఆ వ్యాధి సోకిన తరువాత మందు లేదని, ముందుగా టీకా వేయించడమే మార్గమని తెలుసుకున్నారు. పొరుగూరి నుండి గంపెడు పిల్లలను తెచ్చారు. మొదటి వారంలోనే వాటి కంట్లో టీకా చుక్కలు వేయించారు. తరువాతి టీకా తేదీలను పంచాంగంలో ఏకాదశుల పక్కన రాసుకున్నారు.

“మీకెందుకండీ కోళ్ల గొడవ?” అని ఆమె అడిగారు.

“వంగలో పురుగు పడింది” అన్నారాయన, ఆమె వైపు చూడకుండా.

ఇప్పుడు తడికకు ఒక చిన్న తలుపు ఉంది. నారు లేతగా ఉన్నన్నాళ్లు అది మూసే ఉంటుంది. మొక్కలు ముదిరాక సాయంత్రం ఒక గంట సేపు తెరుస్తారు. ఆ గంటలో కోళ్లకు పురుగులు, మొక్కలకు ఊరట దొరుకుతాయి. తలుపు తీసేది మాస్టారే. గింజలు చూపి కోళ్లను వెనక్కు పిలిచేది అవ్వ. ఒక నిమిషం ఆలస్యమైతే పాత తగవు మళ్లీ మొదలవుతుంది. ఆ తగవు వినబడిన రోజున ఇల్లు కళకళలాడుతున్నదని మనవరాలికి తెలుసు.