వణికే వేలు

ఒళ్లో పెట్టుకుంటే నా చెయ్యి కదలదు. చాయ్ గ్లాసో, ఫోనో అందుకున్నప్పుడే వణుకుతుంది. ఇది ఎసెన్షియల్ ట్రెమర్ అని, పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కనిపిస్తుందని డాక్టరు విడమరచి చెప్పాక భయం కొంత తగ్గింది.

కరీంనగర్‌లో పెరిగినవాణ్ణి. వెంట్రుకల్లాంటి వెండి తీగల్ని మెలిపెట్టి ఫిలిగ్రీ అల్లే చేతుల్ని చిన్నప్పుడు గంటలకొద్దీ చూశాను. ఆ పనితనానికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిలకడైన చెయ్యి ఎంత పెద్ద ఆస్తో ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న కూరగాయలకు 60 రూపాయలు పంపబోతే ఆరు రెండుసార్లు పడి 660 అయింది. దిద్దాను. పిన్ తప్పింది. వెనక నలుగురు నిలబడ్డారు. "నిమ్మలంగ కొట్టుండ్రి సారూ" అన్నది బండి దగ్గరి అవ్వ. ఆ మాటకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా బిడ్డ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిచింది. వేలు కాసేపు నిలిస్తేనే నొక్కినట్టు లెక్క. వెంటవెంటనే పడే తాకిళ్లను ఫోన్ వదిలేస్తుంది. ఇవి ఎప్పటినుంచో ఉన్నవే. అమ్మేటప్పుడు ఒక్కరైనా చెప్పాలి కదా! "బాపూ, ఫోన్ చేతుల వట్టుకోకు, బల్ల మీద వెట్టు" అన్నది. మెసేజీలు నోటితోనే చెబుతున్నాను. గూగుల్ కీబోర్డుకు తెలుగు మాట 2017 నుంచే తెలుసు.

పిన్ మాత్రం నలుగురిలో పైకి చెప్పేది కాదు. దానికి ఈ వేలే కావాలి. బండి అంచుకు మణికట్టు ఆనించి ఒక్కో అంకె కొడతాను. అవ్వ తక్కెడ దించి, ఆగుతుంది.