బ్యాకప్ ఉంది సరే, రిస్టోర్ ఎప్పుడైనా చేశారా?

పోయిన డిసెంబరులో ఒక శనివారం పొద్దున ఆరున్నరకి ఆరుగురం కుందుర్పి కొండ కింద నిలబడ్డాం. అందరం డేటాబేసుల మీద బతికేవాళ్ళమే. ఇద్దరు ఒరాకిల్, ముగ్గురు ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒకడు పోస్ట్‌గ్రెస్ (మిగతా ఐదుగురినీ జాలిగా చూసేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు :)). వయసులు ముప్ఫై నాలుగు నుంచి నలభై తొమ్మిది దాకా. పొట్టలు మాత్రం అందరివీ ఒకే వెర్షన్.

కుందుర్పి మా ఊరు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం అవతల, కర్ణాటక సరిహద్దు పక్కన. కొండ మీద పాత కోట ఉంది. చిన్నప్పుడు సెలవులొస్తే ఆ కొండ ఎక్కడం దిగడమే నాకు పని. ఆ ధైర్యంతోనే వీళ్ళని శుక్రవారం రాత్రి బెంగుళూరు నుంచి పావగడ మీదుగా తీసుకొచ్చేశాను. పొద్దున టీ కొట్టాయన మా బూట్లూ బ్యాగులూ చూసి, "ఏమప్పా, సర్వేకి వచ్చినారా?" అన్నాడు. కాదు, కొండెక్కడానికి అన్నాను. "పనేం ల్యాకనా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అరగంట ఎక్కామో లేదో, మాలో పెద్దాయన ఒక బండ మీద కూలబడిపోయాడు. ఆయాసం, ఒళ్ళంతా చెమట. చలికాలం పొద్దున్నే అంత చెమటేంటని అందరికీ గుండె ఝల్లుమంది. మంచినీళ్ళు తాగించాం, కాసేపటికి తేరుకున్నాడు. "ఎక్కలేక కాదులే. ఆర్నెల్ల కిందట ఆఫీసువాళ్ళు హెల్త్ చెకప్ చేయించారు కదా, ఆ రిపోర్టు మెయిల్లో అట్లనే ఉంది. తెరవలేదు. ఇప్పుడు అదే గుర్తొచ్చి భయమేస్తోంది" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. కాసేపయ్యాక పోస్ట్‌గ్రెస్‌వాడు, "నేనూ తెరవలేదు" అన్నాడు. ఇంకొకడు తెరిచి, ఎర్ర అక్షరాలు కనబడగానే మూసేశాడట. లెక్క తీస్తే ఆరుగురిలో నలుగురం రిపోర్టు చూడనివాళ్ళం. నాలుగోవాణ్ణి నేను.

మేం ఎలాంటి మనుషులమో చెప్తాను, ఇందులో ఉన్న సిగ్గు మీకు అప్పుడు అర్థమవుతుంది. రాత్రి రెండింటికి ఏ డిస్కో ఎనభై ఐదు శాతం నిండిందని ఫోన్ మోగితే మంచం మీంచి దూకేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మా సీనియర్లు చెవిలో ఊదిన మంత్రం ఒకటుంది: రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు. ఫైలు ఉందిలే అనుకుంటే చాలదు, తెరుచుకుంటుందో లేదో, లోపల ఏముందో చూడాలి. ఊరి మీద ఉన్న సర్వర్లన్నిటికీ ఈ మాట చెప్తాం, కానీ మా రిపోర్టులు మాత్రం మెయిల్లో పడుంటే చాలు, ఆరోగ్యం చూసుకున్నట్టే!

కోట చూడకుండానే దిగిపోయాం. (అక్కడ కూర్చుని ముచ్చట్లాడటం కూడా తప్పేనని తర్వాత డాక్టరు తిట్టారు. ఎక్కేటప్పుడు అలా చెమటలు పట్టి ఆయాసమొస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. తేరుకున్నాడు కదా అని వదిలేయకూడదు.) ఆ మధ్యాహ్నమే కళ్యాణదుర్గంలో చూపిస్తే ఆయన బీపీ 168/104. ఫోన్లో రిపోర్టు తెరిస్తే హెచ్‌బీఏ1సీ 8.1. ఇది మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 దాటితే డయాబెటిస్. అంటే ఆర్నెల్లుగా అలారం మోగుతూనే ఉంది, ఫోను సైలెంట్‌లో పెట్టింది ఆయనే. ఈసీజీ అదృష్టం కొద్దీ బాగానే వచ్చింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్న చెనక్కాయ రైతు. రోజూ చేను చుట్టూ నడిచేవాడు, సంగటి తినేవాడు, బీడీ ముట్టుకోలేదు. "నాకేమైందప్పా, గట్టిగానే ఉండా గదా" అనేవాడు. తల తిరుగుతోందంటే ఎండ దెబ్బలే అనేవాడు. యాభై ఎనిమిదేళ్ళకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆయనకి బీపీ ఉందన్న సంగతి మాకూ ఆయనకీ తెలిసింది ఆసుపత్రి మంచం మీదే. అందుకే "పల్లెటూళ్ళో పెద్దవాళ్ళు నడిచేవాళ్ళు, రాళ్ళు తిని హరాయించుకునేవాళ్ళు, మనమే చెడిపోయాం" అనే ఉపన్యాసాలు నాకు నచ్చవు. వాళ్ళు నడిచారు, నిజమే. కొలుచుకోలేదు. మనం కొలిపించుకుంటాం, చూసుకోం. రెండూ ఒక చోటికే తీసుకెళ్తాయి.

నాన్న సంగతి కళ్ళారా చూసినవాణ్ణి, నా రిపోర్టు నేనెందుకు తెరవలేదు? చాలా ఆలోచించాను. బద్ధకం కాదు. తెరిస్తే ఎవరికో చెప్పాలి. ఇంట్లో చెప్తే కంగారుపడతారు, ఆఫీసులో చెప్తే రేటింగు సంగతేమో అనిపిస్తుంది. స్నేహితులకి చెప్తే "వయసైపోయింది రా నీకు" అని నవ్వుతారు. చెప్పుకునే చోటు లేనప్పుడు తెలుసుకోవడం కూడా దండగ అనిపిస్తుంది.

మగవాళ్ళ ఆరోగ్యం అనగానే మన దగ్గర గుర్తొచ్చేది బస్టాండు గోడల మీది "నరాల బలహీనతా? సంప్రదించండి" పోస్టర్లు. ఫలానా లాడ్జి, ఫలానా రూము. పడకగదిలో ఇబ్బంది వస్తే మగాడు ఆ లాడ్జికైనా పోతాడు కానీ మామూలు డాక్టరు దగ్గరికి పోడు. కానీ చూడండి, అంగస్తంభన సమస్య చాలాసార్లు రక్తనాళాల సమస్యే. అక్కడి నాళాలు గుండె నాళాల కన్నా సన్నం కాబట్టి పూడిక లక్షణం ముందు అక్కడ కనబడుతుంది, గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ళ ముందే. షుగరున్న మగవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. అంటే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, లాగ్ ఫైల్లో పడిన మొదటి వార్నింగు. దాన్ని లాడ్జి డాక్టరు చేత డిలీట్ చేయించుకుంటున్నాం.

ఇది మా ఆరుగురి గొడవేనా అంటే కాదు. 2023లో వచ్చిన ఐసీఎమ్ఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్ళు 13.6 కోట్లు. హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందని 2025లో ఒక అధ్యయనం వచ్చింది. కారణాలు మనకి తెలిసినవే: గంటల తరబడి కూర్చోవడం, నిద్ర లేకపోవడం, వేళ కాని వేళ తిండి. మనవాళ్ళకి బరువు కొలత కూడా వేరే. బీఎమ్ఐ 23 దాటితేనే ఎక్కువ బరువు, 25 దాటితే స్థూలకాయం. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. (ప్యాంటు సైజు కాదండీ, టేపుతో బొడ్డు దగ్గర. పోస్ట్‌గ్రెస్‌వాడు ఈ విషయంలో అరగంట వాదించాడు.)

సరే, దీనికీ డేటాబేసు మనుషులు కలవడానికీ ఏమిటి సంబంధం?

మేం బెంగుళూరులో నెలకోసారి కలుస్తాం. ఒకళ్ళు ఇండెక్సుల మీదో, రెప్లికేషన్ మీదో గంట చెప్తారు. తర్వాత పిజ్జా, కూల్‌డ్రింకు. కొందరు అక్కణ్ణించి ఇంకో చోటికి, అక్కడ ఏం తాగుతారో మీకు తెలుసు. ప్రపంచమంతా ఇంతే. 2007లో అమెరికాలోని ఓర్లాండోలో మొదలైన ఎస్‌క్యూఎల్ శాటర్‌డే సభలైనా, మన దేశంలో ఒరాకిల్ వాడుకరుల సంఘం జరిపే సంగమ్ అయినా, పాఠాల కన్నా టీ విరామంలో జరిగే మాటలే జనాన్ని మళ్ళీ రప్పిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్ళ పాత సంఘం పాస్ 2021 జనవరిలో మూతపడింది, స్నేహాలు మూతపడలేదు. ఆ సంఘం వార్షిక సదస్సుల్లో కొందరు తెల్లవారుజామునే లేచి కలిసి పరుగెత్తేవాళ్ళు, దానికి ఎస్‌క్యూఎల్ రన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. నవంబరులో మీసాలు పెంచి ప్రోస్టేట్, వృషణాల క్యాన్సర్ల గురించీ మగవాళ్ళ మానసిక ఆరోగ్యం గురించీ మాట్లాడే మూవెంబర్ 2003లో మెల్‌బోర్న్‌లో ముప్ఫై మంది స్నేహితులతోనే మొదలైంది. ఆస్ట్రేలియాలోనే మగవాళ్ళు షెడ్లలో చేరి చెక్కపనీ మరమ్మతులూ చేసుకునే "మెన్స్ షెడ్" ఉద్యమం కూడా ఉంది. మగాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరు, పక్కపక్కన ఏదో పని చేస్తుంటే మాట్లాడతారు అన్నది దాని సూత్రం. కొండ మీద మాకు జరిగింది సరిగ్గా అదే. ఏళ్ళ తరబడి పిజ్జా ముందు బయటికి రాని మాట అరగంట నడకలో వచ్చింది.

అయితే ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు, మా జిల్లాలోనే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉంది. పడమటి కనుమల చాటున ఉండి నైరుతి వానలు సరిగ్గా అందని నేల మాది. ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. బోరు ఎండేదాకా కింద నీళ్ళెన్ని ఉన్నాయో ఎవరికీ పట్టేది కాదు. ఒకరి పక్కన ఒకరు ఇంకా లోతుకి వేసుకుంటూ పోయేవాళ్ళు, అప్పులతో సహా. 2000 దశకంలో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల ప్రాజెక్టు అని ఒకటి, ఎఫ్ఏవో సాయంతో, అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో రైతులే తమ బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్ళు, వాన కొలిచేవాళ్ళు, ఆ అంకెలు ఊళ్ళో అందరికీ కనబడేట్టు బోర్డు మీద రాసేవాళ్ళు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్ళకి ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకునేవాళ్ళు. ఫలానా పంట వేయొద్దని హుకుం ఏమీ లేదు. అంకె నలుగురి ముందూ ఉంది, అంతే.

నాకు అర్థమైంది ఇదే. కొలవడం సగం పని. కొలిచింది నలుగురిలో పెట్టుకోవడం మిగతా సగం. ఒంటరిగా చూసిన అంకె భయపెడుతుంది, నలుగురితో చూసిన అంకె పని చేయిస్తుంది.

జనవరి నుంచి మా పద్ధతి మార్చాం. నెలకోసారి పాఠం అలాగే ఉంది. మిగిలిన శనివారాల్లో పొద్దున గంట నడక. నియమాలు పెద్దగా లేవు:

1. పరుగుపందెం కాదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగమే గుంపు వేగం.
2. మూడు నెలలకోసారి బీపీ, నడుము కొలత. చెప్పాలనుకున్నవాళ్ళు చెప్తారు, బలవంతం లేదు. విన్నది గుంపు దాటి, ముఖ్యంగా ఆఫీసుకి, పోకూడదు.
3. ఎవరూ డాక్టరు కాదు. వాట్సాప్ కషాయాలు చెప్పినవాడు ఆ రోజు టిఫిను బిల్లు కట్టాలి.
4. ఎవరైనా రెండు వారాలు రాకపోతే ఒకరు ఫోన్ చేయాలి. మెసేజీ కాదు, ఫోన్.

నాలుగోది చిన్నదిగా కనబడుతుంది కానీ నాకు అదే ముఖ్యం. 2022 లెక్కల్లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో దాదాపు 72 శాతం మగవాళ్ళు. అనంతపురం వాణ్ణి కాబట్టి ఆ అంకె నాకు ఒట్టి అంకె కాదు. "బాగుండాడు, నిన్ననే మాట్లాడినాడు" అని జనం అనుకోవడం చిన్నప్పటి నుంచీ విన్నాను.

ఇదంతా మగవాళ్ళ క్లబ్బు కాదు, నడకకి ఆడవాళ్ళూ వస్తారు. మా గుంపులో ఒకావిడ, "మా అమ్మ వాళ్ళు నలభై ఏళ్ళుగా నీళ్ళ కొళాయి దగ్గర చేస్తున్న పనికి మీరు నియమాలు రాసుకున్నారన్నమాట" అంది. ఒప్పుకున్నాం.

గొప్ప ఫలితాలు వచ్చేశాయని చెప్పను. పెద్దాయన మందులు వాడుతున్నాడు, నడుస్తున్నాడు, హెచ్‌బీఏ1సీ 6.9కి వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌వాడి నడుము అంగుళం కూడా తగ్గలేదు, నమ్మకం మాత్రం పెరిగింది. నా బీపీ 146/94 అని తేలింది. నాన్న ఇచ్చిన ఆస్తి. రోజుకి ఒక మాత్ర. మొదటి రోజు ఇంట్లో చెప్పాను, రెండో రోజు గుంపులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

నాన్నకి కూడా ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే తెలుసుకుంటివి, మంచి పని చేస్తివి అబ్బోడా" అన్నాడు.

కోట ఇంకా చూడలేదు. ఈ చలికాలం మళ్ళీ వెళ్తాం, ఈసారి డాక్టరు సరే అన్నవాళ్ళు పైకి, మిగతావాళ్ళు కింద టీ కొట్టు దాకా. ఈలోగా మీరు మెయిల్లో "హెల్త్ చెకప్" అని వెతికి చూడండి. దొరికితే తెరవండి. తెరిచాక ఎవరో ఒకరికి చెప్పండి.