అడిగే తీరులోనే ఉంది లెక్క

పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళి తెచ్చి చూపిస్తే నేను మొదట వెతికేది భూమి విస్తీర్ణం రాసుకునే గడిని. తెలంగాణ రైతు పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి సరిగ్గా రెండున్నర ఎకరాలు. గుంటూరు వైపు అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు. కంప్యూటరుకు ఈ తేడా తెలియదు. ఎకరాలకో గడి, గుంటలకో గడి విడిగా పెట్టకపోతే ఎకరా దిగుబడి లెక్కలన్నీ తప్పుతాయి.

వడ్డీ సంగతీ అంతే. ‘రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన’ అని రైతు చెబితే నూటికి నెలకు రెండు రూపాయలని, ఏడాదికి 24 శాతమని అర్థం. ఇన్వెస్టిగేటరు గడిలో 2 వేసి ముందుకు వెళ్లిపోతే ఆ కుటుంబం మోస్తున్న భారం థీసిస్‌లో కనిపించదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఆడవాళ్ల పని. ‘ఏం పని చేస్తవక్కా?’ అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ‘పనేం లేదు సార్, ఇంట్లనే ఉంట.’ దానికి గృహిణి అని కోడ్ వేసేస్తే అక్కడితో అయిపోతుంది. అందుకే మా ఇన్వెస్టిగేటర్లకు నేను నేర్పేది వేరు. పొద్దున లేచింది మొదలు అడగండి. ‘బర్రెకు గడ్డి ఎవరు కోసుకొస్తరు? పాలు ఎవరు పిండుతరు? మీ చేన్ల పత్తి ఎవరు ఏరిన్రు?’ అప్పుడు అన్నీ ఒక్కొక్కటే వస్తాయి. ఆమె మొదట చెప్పింది అబద్ధం కాదు. కూలి డబ్బులు చేతికిరాని పనిని ఇంట్లో ఎవరూ పనిగా లెక్కించలేదు, మనమూ లెక్కించలేదు. జాతీయ నమూనా సర్వే అయితే ఇంటిపని మాత్రమే చేసేవారికి 92, దానితోపాటు కట్టెలు, గడ్డి ఏరి తెచ్చుకోవడం, ఇంటికోసం కుట్టుపని లాంటివి చేసేవారికి 93 అని వేర్వేరు కోడ్‌లు పెట్టింది.

ఎన్ని రోజుల సంగతి అడుగుతున్నామన్నదీ చిన్న విషయం కాదు. ఆ సర్వే 1999-2000లో జరిపిన 55వ రౌండులో ఆహార ఖర్చును ఒకే ఇంట్లో 7 రోజులకూ, 30 రోజులకూ కలిపి అడిగారు. ఒక జవాబు ప్రభావం రెండోదాని మీద పడిందనీ, అప్పటి పేదరికం అంకెలను పాతవాటితో పోల్చలేమనీ ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. దేశంలో పేదలెందరో తేల్చే లెక్కకే ఈ చిక్కు వచ్చింది. అలాంటప్పుడు రైతును నిలబెట్టి ‘పోయిన ఏడాది మొత్తం పెట్టుబడి ఎంత?’ అని ఒక్క ముక్కలో అడగడం అన్యాయం. వానాకాలం వేరు, యాసంగి వేరు. దుక్కి, విత్తనం, కలుపు, మందులు, కోత వేటికవే అడగాలి. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లి, డోకూరులలో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఇన్వెస్టిగేటర్లను ఊళ్లోనే ఉంచి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు పంపింది. ఆ లెక్కలను ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకోవడానికి ఆ ఓపికే కారణమని నా నమ్మకం.

గైడ్లకు నా విన్నపం ఒకటే. ప్రశ్నావళి మీద సంతకం పెట్టేముందు విద్యార్థిని నమూనాలో లేని ఒక ఊరికి పంపండి. పది ఇళ్లలో అడిగి, తడబాటు వచ్చిన ప్రశ్నలను మార్చుకుని రానివ్వండి. ఆ తర్వాతే అచ్చుకు ఇవ్వండి.