దమ్ము కోసం టర్బో... ఖేడ్ దారిలో ఒక లెక్క

చెరకు కాలంలో నారాయణఖేడ్ దారిన పోయేవాళ్లు ట్రాక్టర్‌ని చూడకముందే వింటారు. ముందు ఇంజిన్ మూలుగు. తర్వాత నల్లటి పొగ. ఆ తర్వాత... రోడ్డంతా తనదే అన్నట్టు ఊగుతూ వచ్చే చెరకు ట్రాలీ. ఎత్తు దగ్గర డ్రైవర్ గేరు తగ్గిస్తాడు. ఇంజిన్ ఇంకోసారి మూలుగుతుంది. వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. ‘దీనికి దమ్ము చాల్తలేదు’ అని ఎవరో ఒకరు అననే అంటారు.

ఆ దమ్ము కోసం వెతికేవాడి చెవిన ఎప్పుడో ఒకప్పుడు పడే మాటే ‘టర్బో’. పడ్డాక మరో ప్రశ్న మొదలవుతుంది. పాత సామాను తెచ్చి మన మిస్త్రీతోనే బిగించుకోవాలా? డబ్బాలో వచ్చే రెడీమేడ్ కిట్టు కొనుక్కోవాలా? ఒక్క ఖేడ్‌లోనే కాదు, చెరకు లాగే ఏ ఊళ్లోనైనా పుట్టే ప్రశ్నే ఇది. కాకపోతే ఖేడ్‌లో కూర్చుని ఆలోచిస్తే దీనికి ఇంకో కోణం కనపడుతుంది. ఎందుకంటే దేశంలోని పేరున్న ట్రాక్టర్ ఫ్యాక్టరీల్లో ఒకటి ఇక్కడికి గంటన్నర దూరంలోనే ఉంది.

ఊరు కదల్లేదు... జిల్లాలే మారాయి!

నారాయణఖేడ్. చుట్టుపక్కల వాళ్లకి ఉత్త ‘ఖేడ్’. మరాఠీలో ఆ మాటకి ఊరని అర్థం. 1956 దాకా ఇది బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనప్పుడు మెదక్‌లోకి వచ్చింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాకి మారింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలే వచ్చి పోయాయి. భాషలు మాత్రం అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. తెలుగులో మొదలైన బేరం కన్నడంలోనో మరాఠీలోనో సాగి ఉర్దూలో ముగిసినా ఇక్కడెవరూ వింతగా చూడరు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు సంగారెడ్డి, జోగిపేట మీదుగా నాందేడ్ వైపు పోయే 161వ జాతీయ రహదారి పట్టుకుని, నిజాంపేట దగ్గర పక్కకు తిరగాలి. ఇక అక్కడి నుంచి కంది, పత్తి, సోయా చేలు. నీళ్లున్న చోట చెరకు. నల్లవాగు ప్రాజెక్టు కింద వరి. నీళ్లు లేని తండాల్లో మాత్రం వలస. మంది చెరకు కొట్టడానికి పిల్లాజెల్లాతో ఊళ్లు దాటిపోవడం ఇక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న కథ. సింగూరు నీళ్లను ఎత్తి ఇటువైపు మళ్లించేందుకు తలపెట్టిన బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరిలో ఖేడ్‌లోనే శంకుస్థాపన జరిగింది.

ఈ ప్రాంతపు నల్లరేగడి మహా మొండి నేల. వాన పడితే టైరుకు అంటుకుని వదలదు. ఎండితే రాయి. గాలి వీస్తే దుమ్ము. దున్నాలన్నా, లోడు లాగాలన్నా ఇంజిన్‌కి పరీక్షే. ఆ దుమ్ము సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

మంజీర దాటి దక్షిణంగా పోతే జహీరాబాద్. పాతతరం వాళ్లకి ఈ ఊరి పేరు చెబితే ఆల్విన్ నిస్సాన్ బండి గుర్తొస్తుంది. మన ఇళ్లల్లో ఫ్రిజ్‌లు, చేతులకు గడియారాలు ఇచ్చిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీయే 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి ఇక్కడ చిన్న లారీలు తయారుచేసింది. 1989లో ఆ యూనిట్‌ని మహీంద్రా తీసుకుంది. 2013లో అదే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మొదలైంది. 2023 ఆగస్టు 15న విడుదల చేసిన ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు తయారయ్యేది ఇక్కడే. అంటే... ఒక ఇంజిన్‌కి ఎంత గాలి, ఎంత డీజిల్, ఎంత బరువు అని లెక్కకట్టి బిగించే చోటు ఒకటి. ఆ లెక్కను విప్పి తిరగరాద్దామనుకునే షెడ్డు ఇంకొకటి. రెంటికీ మధ్య ఒక్క నది!

పొగతో తిరిగే పంఖా

టర్బో అంటే ఏమిటో అందరికీ తెలిసినట్టే ఉంటుంది. అడిగితే చెప్పడం కష్టం. సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగలో ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది. బలం పెరుగుతుంది. అంతే. ఆల్ఫ్రెడ్ బూకీ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1920లలో ఓడల ఇంజిన్లకు ఎక్కింది. మన రోడ్ల మీద లారీలకూ బస్సులకూ మామూలైంది మాత్రం పొగ నిబంధనలు బిగిసిన 2000 తర్వాతే.

సూత్రం ఇంత సులువు కాబట్టే ‘ఇందులో ఏముంది, మనమే చేసుకుందాం’ అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు కూడా. ట్రాలీలు, కల్టివేటర్లు, దమ్ము చక్రాలు, విత్తనాల గొర్రులు... ఊరి వెల్డింగ్ షాపుల్లో తయారైనవే ఎన్నో ఏళ్లుగా పొలాల్లో పనిచేస్తున్నాయి. కంపెనీ గొర్రు కంటే మన నేలకు, మన సాలుకు సరిపోయేది ఊరి మిస్త్రీ చేసిందే అనే రైతులూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయడానికి లేదు. చెక్క, ఇనుము విరిగితే మళ్లీ అతకొచ్చు.

ఇంజిన్ లోపలి సంగతి వేరు.

ఇద్దరన్నదమ్ములు అనుకుందాం

లెక్క తేలికగా అర్థం కావడానికి ఇద్దరు అన్నదమ్ముల్ని ఊహించుకుందాం. ఇద్దరికీ ఒకేలాంటి మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్లు. ఇద్దరికీ చెరకు కిరాయిలు.

‘‘తమ్మీ, గన్ని పైసలెందుకురా? పాత లారీది టర్బో దొరుకుతది. మిస్త్రీ బిగిస్తడు’’ అంటాడు పెద్దోడు.

‘‘ఏమో అన్నా... కిట్టయితే అన్నీ డబ్బలనే ఉంటయి. పానా వట్టుడే’’ అంటాడు చిన్నోడు.

ముందు పెద్దోడి సంగతి. తుక్కు సామానులో టర్బో దొరకడం కష్టం కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా పాత సామానుకు కొదవేముంది! కానీ అది ఏ ఇంజిన్ కోసం పుట్టిన టర్బో? రెండున్నర లీటర్ల ట్రాక్టర్ ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే, పీల్చే గాలి దాదాపు రెండున్నర వేల లీటర్లు. దాదాపు ఆరు లీటర్ల లారీ ఇంజిన్ రెండున్నర వేల చుట్లకు పీల్చేది ఏడు వేల పైమాటే. ఆ లారీ టర్బోని ట్రాక్టర్‌కి పెడితే, దాన్ని తిప్పేంత పొగ ఇక్కడ రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు చుట్లు తగ్గి దమ్ము కావాల్సిన ఆ క్షణంలోనే టర్బో నిద్రపోతుంది. సైలెన్సర్‌కి అడ్డంగా ఒక ఇనుప గడ్డ పెట్టినట్టే!

తర్వాత అతుకులు. మానిఫోల్డ్ పోత ఇనుముది. మామూలు రాడ్డుతో చల్లగా ఉండగానే వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే చిట్లుతుంది. ముందు బాగా కాచి, నికెల్ రాడ్డు వాడి, మెల్లగా చల్లార్చాలి. మంచి మిస్త్రీకి ఈ విద్య తెలుసు. తెలియంది చాలామందికి తడబాటు తెచ్చేది నూనె గొట్టం దగ్గర. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరగగలదు. దాన్ని మోసేది పలచటి నూనె పొరే. ఇంజిన్ నుంచి నూనె వత్తిడితో పైకి రావాలి, పనయ్యాక తన బరువుతో తానే కిందికి, సంప్‌లో నూనె మట్టానికి పైన పడాలి. ఆ దిగే గొట్టం సన్నగా ఉన్నా, వంకర తిరిగినా నూనె అక్కడే నిలిచి సీళ్లు దాటుతుంది. పొగ నీలంగా మారుతుంది. లోడు లాగొచ్చి వెంటనే ఇంజిన్ ఆపేసినా కష్టమే. ఎర్రగా కాగిన టర్బోలో నూనె మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఉత్తగా తిరగనిచ్చి ఆపాలి.

మరి చిన్నోడి కిట్టులో? కొలతకు సరిపోయే టర్బో, పోతపోసిన మానిఫోల్డ్, నూనె గొట్టాలు, గ్యాస్కెట్లు... పెద్దోడిని తిప్పలు పెట్టిన సగం సమస్యలు డబ్బాలోనే తీరిపోతాయి. అదే మోడల్ ఇంజిన్‌కి చేసిన మంచి కిట్టయితేనే సుమా. ‘అన్ని ట్రాక్టర్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్నదయితే పెద్దోడి తుక్కు టర్బోకీ దానికీ తేడా రంగు మాత్రమే. బిగింపు వరకూ చూస్తే చిన్నోడే నెగ్గాడు. ఇందులో రెండో మాట లేదు.

కానీ అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. టర్బో గాలినే ఇస్తుంది. బలం కావాలంటే డీజిల్ పెరగాలి. ఇద్దరూ మిస్త్రీతో డీజిల్ పంపు మరను తిప్పిస్తారు. ఎంత తిప్పాలి? లోపలి వేడి చూపించే మీటరు లేదు, గాలి వత్తిడి చూపించే మీటరూ లేదు. చెవి, పొగ రంగు... ఇవే కొలతలు. పిస్టన్‌లో ఉండేది అల్యూమినియం. అది కరిగేది 660 డిగ్రీల దగ్గర. సిలిండర్‌లో మంట వేడి దానికి రెండు మూడింతలు. అయినా పిస్టన్ కరగడం లేదంటే ఆ వేడిని నూనె, నీళ్లు ఎప్పటికప్పుడు లాగేస్తున్నాయి కాబట్టే. కంపెనీ టర్బో ఇంజిన్లలో చాలావాటికి పిస్టన్ అడుగున నూనె చిమ్మే నాజిళ్లు ఉంటాయి. వాల్వులు, గ్యాస్కెట్, రేడియేటర్, క్లచ్ ప్లేటు అన్నీ ఆ బలానికి తగ్గట్టే ఉంటాయి. టర్బో లేని ఇంజిన్‌గా పుట్టిన దానికి ఇవేవీ ఉండవు. కిట్టు డబ్బాలో కూడా ఉండవు!

ఈ ఇద్దరన్నదమ్ముల బేధం అక్కడితో సరి. ఒకడిది ముందు పగులుతుంది, ఇంకొకడిది తర్వాత కాలుతుంది.

లాగుతుంది సరే... ఆగుతుందా?

పోనీ, రెండు ఇంజిన్లూ చెక్కు చెదరకుండా నిలిచాయనే అనుకుందాం. బలం పెరిగింది కాబట్టి ట్రాలీ మీద ఇంకో రెండు టన్నులు పడతాయి. కిరాయి పెంచుకోవడానికే కదా ఇదంతా! ఇక్కడే ఇంటిల్లిపాదీ ఆలోచించాల్సిన సంగతి ఉంది. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. పొలం ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. దిగుడులో ట్రాలీ బరువంతా ట్రాక్టర్‌ని వెనక నుంచి తోస్తుంది. టర్బో ఎక్కడానికి సాయం చేస్తుంది. దిగడానికి చేయదు. ఆ చెరకు మీద కూలీలు కూర్చుని ఉంటారు... ఖేడ్ తండాల వాళ్లే. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటుంది. చీకటి పడితే ట్రాలీ వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ కూడా కనపడదు.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని సొంతంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు అయిదు వేల రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. తుక్కు టర్బోకీ డబ్బా కిట్టుకీ చట్టం తేడా చూపించదు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్న కూడా ఇదే కావచ్చు.

నిజంగా ఎక్కువ బలం అవసరమైన రైతుకు మూడో దారి ఉంది. టర్బోతోనే పుట్టిన ట్రాక్టర్. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. కంప్యూటర్ డీజిల్ పంపు, టర్బో కలిసి వచ్చే మోడళ్లు వాటితోపాటే పెరిగాయి. ఖరీదు మాటా? ఎక్కువే. నాలుగెకరాల రైతు పాతదాన్ని వదిలి దాని జోలికి పోలేడు. అందుకే ఆ అన్నదమ్ముల ఆశను చూసి నవ్వడం న్యాయం కాదు. పైగా మిల్లు గేటు ముందు వరసలో గంటల తరబడి నిలబడే ట్రాక్టర్‌కి, దారిలో టర్బో మిగిల్చిన పది నిమిషాలు ఏపాటి?

ఇప్పుడు ఆ దుమ్ము దగ్గరికి వద్దాం. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువని కాదు, దానికి తగ్గ గాలి లేదని. అది టర్బో లేకపోవడం వల్లే కానక్కర్లేదు. నాజిల్ వత్తిడి తప్పి ఉండొచ్చు. వాల్వుల సందు మారి ఉండొచ్చు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది పాత ట్రాక్టర్లలో బానెట్ పక్కన ఉండే నూనె గిన్నె... ఎయిర్ క్లీనర్. ఇంజిన్ పీల్చే గాలంతా దానిలోంచే పోవాలి. నాలుగు పానాలు, చారెడు డీజిల్, కొంచెం కొత్త నూనె ఉంటే అరగంటలో కడిగేయొచ్చు. రేగడి దుమ్ములో తిరిగే కాలంలో అయితే దాన్ని రోజూ విప్పి చూడమంటారు మిస్త్రీలు.

పెద్దోడు ఆ గిన్నె విప్పి ఎన్నాళ్లయిందో! విప్పితే అడుగున వేలెడు మందం నల్లరేగడి ఉంటుంది.