బొగ్గు తెల్లబరిచిన నీళ్ళు

బొగ్గును ఎంత కడిగినా తెల్లబడదని మన పెద్దలంటారు. కాని అదే బొగ్గు నీళ్ళను తేటపరుస్తుందన్న సంగతీ వాళ్ళకు తెలుసు. కుండమీద కుండ పెట్టి, ఒకదాంట్లో బొగ్గు, ఒకదాంట్లో ఇసుక పోసి నీళ్ళు వడకట్టుకోవడం మన పల్లెల్లో చాలాకాలం వున్నదే. ఇప్పుడు ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేయడానికి వాడే బొగ్గు కూడా ఆ వంశంలోదే. పుస్తకాల్లో దాని పేరు ఉత్తేజిత కర్బనం. ల్యాబులో మేం యాక్టివేటెడ్ చార్‌కోల్ అంటాం.

దాన్ని తయారుచేసే పద్ధతి చెప్పుకుంటే సులువే. కొబ్బరి చిప్పో, కట్టో, నేలబొగ్గో తీసుకొని గాలి తగలనివ్వకుండా కాలుస్తారు. మిగిలిన బొగ్గును 800 నుంచి 1000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో వుంచి దానిలోకి నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి ఆ బొగ్గును కొంత తినేసి, లోపలంతా కంటికి కనిపించని సందులు చేస్తుంది. ఆ సందుల గోడలన్నీ పరిచి కొలిస్తే ఒక్క గ్రాము బొగ్గులో సుమారు వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యం తేలుతుంది. మాది వ్యవసాయం చేసే యిల్లు. చదరపు మీటర్లంటే నా తలకెక్కలేదు. గుంటల్లోకి మార్చి చూసుకున్నాను. గ్రాముకు దాదాపు పది గుంటలు! నాలుగు గ్రాములు గుప్పిట్లో పట్టుకుంటే ఎకరం పొలం చేతిలో వున్నట్టే.

ఆ పొలమే బొగ్గుకున్న బలం. నీటిలో కరిగివున్న మలినం వచ్చి ఆ గోడలకు అంటుకుంటుంది. దూది నీళ్ళను లోపలికి పీల్చుకోవడం శోషణం. ఇలా ఉపరితలాన్ని అంటిపెట్టుకోవడం అధిశోషణం. ద్రావణాల రంగును బొగ్గు విరగ్గొట్టగలదని రష్యాలో లోవిట్జ్ అనే రసాయనవేత్త 1785లోనే గమనించాడు. 1900 ప్రాంతంలో ఆస్ట్రేయ్‌కో అనే ఆయన బొగ్గును ఉత్తేజపరిచే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడిన ముసుగుల్లో వున్నదీ ఈ బొగ్గే.

మా ప్రాక్టికల్సులో దీనిమీద ఒక ప్రయోగం వుంది. అయిదారు సీసాల్లో వేర్వేరు గాఢతల్లో ఎసిటిక్ ఆమ్లం పోసి, అన్నింటిలో సమానంగా బొగ్గుపొడి వేసి, చేతులు నొప్పిపుట్టేదాకా కుదిపి, వడపోసి, మిగిలిన ఆమ్లాన్ని టైట్రేషన్ చేసి లెక్కగట్టాలి. పలచటి ద్రావణంలోంచి బొగ్గు ఎక్కువ వంతు ఆమ్లాన్ని పట్టుకుంటుంది. చిక్కటి ద్రావణంలోంచి పట్టుకునే వంతు తక్కువ. కారణం తెలుస్తూనే వుంది. ఎంత పెద్ద పొలమైనా హద్దులు వుంటాయి. నిండినాక కొత్తవాళ్ళకు చోటు లేదు.

బొగ్గుకు యిష్టాయిష్టాలు కూడా వున్నాయి. నీటిలో ఉండటం అంతగా ఇష్టంలేని పదార్థాలను అది బాగా ఆకర్షిస్తుంది. అద్దకపు రంగులు, ఫినాల్, బెంజీన్, పురుగుమందులు, చాలా రకాల ఔషధాలు ఆ జాతివి. ఉప్పు అలా కాదు. సోడియం, క్లోరైడు అయాన్లు నీటితోనే హాయిగా వుంటాయి. బొగ్గు పక్కనుంచి పోతూ కూడా దానికి అంటుకోవు. పరీక్షలో రెండు మార్కులు తెచ్చే ఈ చిన్న తేడా మా వూళ్ళో పంట పండటానికీ ఎండటానికీ మధ్యనున్న తేడా.

మా వూరి వాగుకు పైన ఫ్యాక్టరీలు వున్నాయి. కొన్ని రోజుల్లో వాగునీళ్ళు డికాషన్ రంగులో వస్తాయి, ముక్కు మూసుకోవలసిన వాసనతో. కిందటి దసరా సెలవులకు ముందు ఒక సీసాడు ఆ నీళ్ళు తెప్పించుకొని, మా మాస్టారి అనుమతితో ల్యాబులో బొగ్గుపొడి వేసి కుదిపి వడపోశాను. రంగు పోయింది, వాసన కూడా బాగా తగ్గింది. మామూలు నీళ్ళ పక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. వడపోసిన నీళ్ళు ఒక సీసాలో, వడపోయనివి ఒక సీసాలో పట్టుకొని యింటికి వెళ్ళాను.

మా నాయిన రెండు సీసాలూ ఎత్తి వెలుతురులో చూసిండు. “మస్తుగ తెల్లగయినై. మరి ఉప్పు పోయిందా బిడ్డా?” అని అడిగిండు.

“పోదు నాయినా. బొగ్గుతోని ఉప్పు పోదు” అన్నాను.

“అయితే నా మడికేం లాభం?”

చదువుకోని మా నాయిన అడిగిన ఈ ప్రశ్నకంటే సూటి ప్రశ్న నేను ఏ వైవాలోనూ వినలేదు. రెండు సీసాల నీళ్ళూ సమానంగా రెండు స్టీలు పళ్ళాల్లో పోసి ఎండలో పెట్టాం. సాయంత్రానికి ఒక పళ్ళెంలో మట్టిరంగు పొర, ఒకదాంట్లో మల్లెపువ్వులాంటి తెల్లటి పొర మిగిలింది. రంగే వేరు. మందం చూస్తే దాదాపు ఒకటే. మా పొలంగట్ల మీద ఎండాకాలం పూసే తెలుపూ అదే. దాన్ని మావాళ్ళు చౌడు అంటారు. చౌడెక్కిన మడిలో నారు వేస్తే ఆకుల కొసలు ఎండుకుంటూ వస్తాయి. కాలేజీకి తిరిగివచ్చాక వడపోసిన నీళ్ళు మిగిలితే అందులో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేశాను. పెరుగు విరిగినట్టు తెల్లటి అవక్షేపం వచ్చింది. క్లోరైడు వున్నదని నాయిన ఎండతో చెప్పిందే నా పరీక్షా చెప్పింది.

మా వాగు పేరు రాసినా ఎవరికీ తెలియదు. పేరుపడిన వాగు సంగతి చెప్పుకుందాం. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల నుంచి పెరిగింది. అక్కడి వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయాయి. రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తర్వాత అనేక ఫ్యాక్టరీల నీళ్ళను ఒకేచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రకటించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్ళు చేరే ఆ కేంద్రంలో శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వున్నదట! ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మజీవులకు రేపు ఏ మందు పనిచేయాలి?

ఇటువంటి చోట బొగ్గు నిజంగా అక్కరకొస్తుంది. స్విట్జర్లాండులో 2016 నుంచి అమలైన చట్టం ప్రకారం ఎంపికచేసిన మురుగునీటి కేంద్రాల్లో ఔషధాల అవశేషాలను తీసేయడానికి ఓజోన్‌నో, బొగ్గుపొడినో వాడుతున్నారు. అయితే అది చివరి మెట్టు. ముందు ఆమ్లక్షారాలను సరిచేయాలి, మడ్డిని పేరనివ్వాలి, సూక్ష్మజీవుల చేత తినిపించగలిగినదంతా తినిపించాలి. మిగిలిన కొంచెం కోసం బొగ్గును పెట్టాలి. చిక్కటి మురుగును తిన్నగా బొగ్గు మీదికి వదిలితే, మా ప్రయోగంలో చూసినట్టే పొలం త్వరగా నిండిపోతుంది. తర్వాత వచ్చే విషం వచ్చినట్టే కిందికి దిగుతుంది. ఉప్పు కోసమైతే రివర్స్ ఆస్మాసిస్ గాని, నీళ్ళను ఆవిరిచేసే యంత్రాలు గాని వేరే కావాలి. వాటికి కరెంటు, ఖర్చు ఎక్కువ.

ఇంకో సంగతి. బొగ్గు విషాన్ని చంపదు, పట్టుకొని కూర్చుంటుంది. నిండిన బొగ్గును మళ్ళీ 800 డిగ్రీల దగ్గర కాల్చి వాడుకోవచ్చు. కాల్చిన ప్రతిసారీ కొంత తరుగు పోతుంది. అలా చేయక ఏ గుట్ట వెనకో పోస్తే నీటిలోంచి తీసిన విషం మట్టిలోకి చేరుతుంది. అందుకే మన దేశపు 2016 నాటి నిబంధనల్లో మందుల ఫ్యాక్టరీల్లో వాడేసిన బొగ్గును ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చారు.

మిత్రులారా, మనలో కొందరం రేపు ఆ ఫ్యాక్టరీల ల్యాబుల్లోనే కెమిస్టులుగా చేరతాం. కొందరం కాలుష్య నియంత్రణ మండలిలో ఉద్యోగాలకు పోతాం. గాజు గ్లాసులో తేటనీళ్ళు పట్టి చూపించి శుద్ధి అయిపోయిందని సంతకం పెట్టమనేవాళ్ళు మనకు ఎదురుపడతారు. అప్పుడు రెండు మాటలు అడిగితే చాలు. ఈ నీళ్ళు ఎండితే అడుగున మిగిలేదెంత? నిండిన బొగ్గు ఎక్కడికి పోయింది? జవాబు కాగితం మీద అంకెల్లో వచ్చేదాకా కలం మూత తీయకుండా వుందాం. వాగు కింద నారు పోసుకున్నవాళ్ళకు మన చదువు చేయగల సాయం ముందుగా అదే.