చీకటి గదిలో చక్కెర లెక్క

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయమున, భౌతికశాస్త్ర భవనపు క్రింది అంతస్తులో, పట్టపగలే దీపములార్పి నల్లని తెరలు దించియుంచిన గదిలోనికి నన్ను కొనిపోవుచు ఆచార్యులవారు, జేబులోని ఫోనును కూడ ద్వారముకడనే పెట్టుమనిరి. దాని నుండి వెలువడు కాస్త వెలుతురైనను అచ్చటి యంత్రమునకు విఘాతమట. సూదిపోటు లేకయే దేహమందలి గ్లూకోజును రేయింబవళ్లు ఎడతెగక కాంతిచేత కొలువవలెనని వారి తపన.

బల్లపై మొదట నున్నది ధ్రువణమాపకము. గ్లూకోజు ధ్రువితకాంతి తలమును కుడివైపునకు త్రిప్పును. పంచదార మిల్లులలో చెరకురసమును పరీక్షించుటకు ఇట్టి గుణమే ఆధారము. పరిశోధక విద్యార్థిని యగు అమ్మాయి, ఒక సెంటీమీటరు వెడల్పుగల గాజుపాత్రలో డెసిలీటరునకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజుగల నీరు పోసి, మర నెమ్మదిగా త్రిప్పి చూపినది. ఆరోగ్యవంతుని రక్తమందుండు ఆ పాటి చక్కెరకు కాంతి తిరిగినది డిగ్రీలో వేయింట అయిదు వంతులు! అదియును తేటనీటిలో. చర్మమునందైనచో కాంతి చెల్లాచెదరై ఆ ధ్రువణమే నశించును గనుక, కొందరు కనుగ్రుడ్డు ముందరి తేటద్రవము నాశ్రయించిరి.

ప్రక్కబల్లపై రామన్ వర్ణపటమాపకము కలదు. 1928లో కలకత్తాలో వెల్లడియైన ఆ కాంతిపరిణామమునే చక్కెర జాడ తీయుటకు వినియోగింపవలెనని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మైకేల్ ఫెల్డ్, రామచంద్ర దాసరి మున్నగువారు చిరకాలము శ్రమించిరి. 2020లో ఆ సంస్థవారును శామ్‌సంగ్ వారును కలిసి సజీవములైన పందులపై గ్లూకోజు రామన్ రేఖలను ప్రత్యక్షముగా చూపగలిగిరి. కాని నీరు, కొవ్వు, మాంసకృత్తులు అన్నియు ఒక్కసారిగా పలుకుచుండగా ఆ రేఖను పట్టుట, కోటప్పకొండ తిరునాళ్లలో ఒక్క పిల్లవాని యేడ్పును గుర్తించుట వంటిది.

నాకు మిక్కిలి నచ్చినది వీరి పరికరములకంటె వీరి అనుమానము. ఆ అమ్మాయి ఇట్లు చెప్పినది: “మాస్టారూ, మనిషికి చక్కెరనీళ్లు తాగించి రెండు గంటలు కొలుస్తామనుకోండి. ఒంట్లో గ్లూకోజు పెరుగుతుంది. ఆలోగా చర్మం చెమరుస్తుంది, లేజరు వేడెక్కుతుంది. లెక్కకు ఏది దొరికితే దాన్నే పట్టుకుని ఇదే చక్కెర అంటుంది. అందుకే ఉత్త మంచినీళ్లు తాగించి కూడా ఒకసారి కొలుస్తాం.” ఇది వట్టి చాదస్తము గాదు. అయోవా విశ్వవిద్యాలయమున మార్క్ ఆర్నాల్డ్ బృందమువారు, గ్లూకోజు బొత్తిగా లేని కృత్రిమ నమూనాల కాంతిలెక్కలనుండి సైతము గ్లూకోజును చక్కగా కొలుచుచున్నట్లు భ్రమగొల్పు గణితము పుట్టవచ్చునని 1998లోనే నిరూపించిరి. అంతకుముందు వెలువడిన ఆశావహ ప్రకటనలలో ఎన్నింటికి ఈ దోషము పట్టియుండెనో యని నాకు సందేహము కలిగెను.

బయటినుండి సాధ్యముగాదని తలచినవారు దీపమునే చర్మము క్రిందికి పంపిరి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎవర్‌సెన్స్ అను గుళిక సుమారు 18 మిల్లీమీటర్ల పొడవుది. భుజము క్రిందుగా చిన్న గాటుపెట్టి అమర్తురు. దానిపై పూసిన బోరానిక్ ఆమ్ల సంబంధ పదార్థము గ్లూకోజుతో కూడినప్పుడు అధికముగా ప్రకాశించును; ఆ ప్రకాశమే కొలత. మొదట 90 దినములకే పనికివచ్చిన ఈ ఉపకరణము 2024 నాటికి సంవత్సరముపాటు నిలుచునదైనది. గాటు తప్పలేదు కాని, కాంతి నమ్మదగినదని ఋజువైనది.

గాటు లేకయే గ్లూకోజును కొలుచునను గడియారముల మాట యేమని నేనడుగగా ఆచార్యులవారు నవ్విరి. అట్టి గడియారమునకుగాని ఉంగరమునకుగాని తాము అనుమతి ఈయలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. అంగడిలో కొన్న అట్టి గడియారమునొకదానిని సొరుగులోనుండి తీసి అమ్మాయి, చర్మమునకు మారుగా జెలటిన్‌తో పోసియుంచిన తెల్లని ముద్దకు చుట్టినది. గ్లూకోజు లేశమైనను లేని ఆ ముద్దకు అది నిస్సంకోచముగా 104 అని చూపెను.

“దీన్ని నమ్మి ఎవరైనా ఇన్సులిన్ వేసుకుంటేనో?” అనిరి ఆచార్యులవారు.