మా బచ్చలింటి టైల్స్

మా ఇంట్లో స్నానాల గదిని బచ్చలిల్లు అంటాము. కన్నడలో బచ్చలు మనె అనే మాట మా కోలారు తెలుగులోకి వచ్చి ఇట్లా స్థిరపడింది. తిరుపతి వైపు నుంచి వచ్చిన చుట్టాలు మొదటిసారి వింటే బచ్చలి కూర పెంచే పెరడేమో అనుకుంటారు. బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్న మాకు ఏ మాట ఏ భాషదో తేల్చుకోవడం ఇప్పటికీ కష్టమే. ఇందులో అట్లాంటి మాటలు దొర్లితే సర్దుకోండి.

పోయిన ఏడాది కె.జి.ఎఫ్.లోని మా పాత ఇంట్లో బచ్చలిల్లు, కక్కసు కలిపి లోపలే కట్టించినాము. ఐదు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల పొడవు. అంత చిన్న గదికి నేల టైల్స్, గోడ టైల్స్ ఎంచడానికి మాకు ఏడు వారాలు పట్టింది. ఇల్లు కట్టేటప్పుడు కూడా ఇంత ఆలోచన చేసి ఉండరు అని నాయన నవ్వినాడు. హోసూరులో, బళ్లారిలో, బెంగళూరులో ఇప్పుడు ఇళ్లు కట్టుకుంటున్న మన వాళ్లకు పనికొస్తుందని అంతా రాసి పెడుతున్నాము.

ఆలస్యానికి కారణం అవ్వ. ఆమెకు ఎనభై దాటింది, కుడి మోకాలు వంగదు. ఇన్నేళ్లూ రాత్రిపూట కక్కసుకు పెరట్లోకి పోయేది. ఆమె జారకూడదు, అది ఒకటి. రెండోది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

గనుల కాలంలో కార్మికుల లైన్లలో ఇంటింటికీ కక్కసు ఉండేది కాదు. వరసగా కట్టిన ఉమ్మడి కక్కసులు, వాటిలో చాలావాటికి నీళ్లు లేవు, మనుషులే ఎత్తి పోయాలి. ఆ పనికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది తెలుగు వాళ్లు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు ఇది. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగి బంగారం తవ్విన ఊరు. అట్లాంటి ఊళ్లో 1990 దశకం దాకా మనిషి చేత్తో మలం ఎత్తడం నడిచింది. ఇక్కడే 1966లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఫోటోలు తీసి, ఉత్తరాలు రాసి దాన్ని దేశం ముందు పెట్టినారు. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అందరికీ తెలిసిన సంగతే. మా అవ్వ కూడా ఆ కక్కసులు కడిగిన మనిషి అనేది మాత్రం మన కుటుంబంలోనే చిన్నవాళ్లకు తెలియదు. ఆ పని గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు, మేము అడగము. కానీ ఈ ఇంట్లో తడి నేల గురించి ఆమెకంటే ఎక్కువ తెలిసిన వాళ్లు లేరు. కాబట్టి టైల్స్ ఆమె ఒప్పుకున్నాకే తేవాలి అనుకున్నాము.

మొదట షాపులు చూస్తిమి. రాబర్ట్‌సన్‌పేట, బంగారపేట, కోలారు టౌన్. యాడ చూసినా సరుకు ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చిందే. గోడ టైల్స్ సెట్టుగా అమ్ముతారు: కింద రెండు వరసలకు ముదురు రంగు, మధ్యలో ఒక వరస పువ్వులో చేపలో ఉండే హైలైటర్, పైన లేత రంగు. షాపులో బోర్డుకు అతికించి, పైన లైటు వేసి చూపిస్తారు. చాలా బాగుంటుంది. ఆ బోర్డు మీద ఎప్పుడూ నీళ్లు పడవు.

మా జిల్లాలో నీళ్లే అసలు విషయం. కోలారుకు జీవనది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయినాయి. ఆ నీళ్లు ఎంత ఉప్పు పట్టినవో మన ఇళ్లలో హండె లోపల చూస్తే తెలుస్తుంది, గోకితే పెచ్చులుగా వస్తుంది. అదే ఉప్పు టైల్స్ మీద ఎండితే తెల్ల మచ్చ. నల్లటి, నిగనిగలాడే టైల్స్ మీద ఒక్క వారానికే పేలిన సున్నంలా కనపడుతుంది. సెట్టులో ముదురు రంగు కింద పెడతారు కదా, బకెట్టు నీళ్లు చిందేదీ అక్కడే. మచ్చ పోవాలని యాసిడ్ పోస్తే టైలు మెరుపు పోవచ్చు, సందుల్లోని సిమెంటు మాత్రం కరిగి తీరుతుంది. ఆ సందుల్లోంచి నీళ్లు దిగితే గోడకు చెమ్మ. కాబట్టి బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్ల టైల్స్ వద్దు అనేది మా గట్టి అభిప్రాయం. చుట్టాలు నొచ్చుకున్నా సరే.

మాలో ఒకరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. రోజూ రైల్లో పోయి వచ్చే ఉద్యోగం. మాట నమ్మకుండా పరీక్ష పెట్టడం ఆ ఉద్యోగం నేర్పిన గుణం. షాపుల వాళ్లను అడిగి నాలుగు రకాల టైల్స్ ఒక్కొక్కటి తెచ్చినాము. పెరట్లో వరసగా పరిచి, పది రోజులు పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు, సబ్బు నీళ్లు పోసి అట్లే ఎండనిచ్చినాము. ఒకదాని మీద కొబ్బరి నూనె కూడా పూసినాము, ఎందుకంటే అవ్వ శనివారం నూనె రాసుకోకుండా స్నానం చేయదు. ఏ షాపులోనూ నూనె కాలు గురించి చెప్పరు.

అవ్వ కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్క టైలు మీద ఉత్త కాలు పెట్టి ముందుకూ వెనక్కూ జరిపింది. నునుపుది వెంటనే పక్కకు నెట్టేసింది. బాగా గరుకుగా, గింజలు గింజలుగా ఉండేదాన్ని చూపించి ఇది జారదు అవ్వా అంటే, వేలితో ఒక గుంట గోకి చూపించింది. పది రోజుల సబ్బు జిడ్డు గోటికి వచ్చింది. “జారకుండా ఉండేదే కాదు, కడగనీకి బాగుండేది తే. దీన్ని కడిగేదెవరు? నీ పెండ్లాము నడుము పోతాది.”

మేము చదివినదాంట్లో కూడా ఇదే ఉంది, మాట వేరు. జారుడుకు జర్మనీ వాళ్ల కొలత ఒకటి చాలాచోట్ల వాడతారు. టైల్స్ మీద నూనె పోసి, వాలు మెల్లగా పెంచుతూ బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తారు. ఎంత వాలులో జారితే దాన్నిబట్టి ఆర్-9 నుంచి ఆర్-13 దాకా అంకెలు ఇస్తారు. ఉత్త కాళ్లకు, సబ్బు నీళ్లకు వేరే పరీక్ష ఉంది, దాంట్లో ఎ, బి, సి అని తరగతులు. అంకె పెరిగేకొద్దీ గరుకు ఎక్కువ, మురికి పట్టేదీ ఎక్కువ. ఇంటి బచ్చలింటికి ఆర్-10 లేదా ఆర్-11 చాలు. పెట్టె మీద ఆంటీ-స్కిడ్ అని రాసి ఉంటే సరిపోదు, అంకె అడగండి. అంకె చెప్పలేని షాపులో టైలు తడిపి ఉత్త కాలు పెట్టి చూడండి. వాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి, గోడ టైల్స్ నేలకు వేయకూడదు. గోడవి మామూలుగా పది శాతం పైన నీళ్లు పీల్చే రకం, తేలిక, బరువుకు పగులుతాయి. నేలకు అర శాతం కూడా పీల్చనివి దొరుకుతాయి. పీల్చని టైలును ఉత్త సిమెంటు సరిగ్గా పట్టుకోదు, అతికించే గమ్ము వేరే కొనాలి. మేస్త్రి అవసరం లేదన్నా కొనండి.

రంగు దగ్గర ఇంట్లో నిజమైన వాదన వచ్చింది. మా లెక్క ప్రకారం అంతా ఒకే మధ్య రంగు, బూడిదకూ గోధుమకూ నడుమది. ఉప్పు మచ్చ కనపడదు, ఎర్రమట్టి కాలి గుర్తు కనపడదు, సైనైడ్ గుట్ట వైపు నుంచి గాలి వీచినప్పుడు వచ్చే దుమ్ము కూడా కనపడదు. అవ్వ ఒప్పుకోలేదు. “మురికి కనపడకపోతే పోయినట్లా? కనపడితేనే కదా కడిగేది. తెల్లది పెట్టు.” ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఆమె ఇది కావాలి అని అడిగింది ఏదీ మాకు జ్ఞాపకం లేదు. మా లెక్క తప్పు కాదు, ఆమెదీ కాదు. చివరికి నేల మా మాట ప్రకారం బూడిద రంగు, మెరుపు లేనిది. గోడలు ఆమె మాట ప్రకారం కింద నుంచి పైదాకా తెలుపు, తుడిస్తే పోయే నునుపుది. హైలైటర్ లేదు, చేపలు లేవు.

తెలుపులో కూడా వంద ఉన్నాయి అని అప్పుడు తెలిసింది. కొన్ని నీలం వైపు మొగ్గుతాయి, కొన్ని పసుపు వైపు. బూడిద కూడా అంతే. నీలపు తెలుపు పక్కన పసుపు బూడిద పెడితే రెండూ కొత్తవే అయినా ఒకటి మాసినట్లు కనపడుతుంది. కాబట్టి గోడ టైలు, నేల టైలు విడివిడిగా చూసి కొనకండి. రెండూ కలిపి ఇంటికి తెచ్చి, ఆ గదిలోనే, అక్కడ వేసే బల్బు కిందనే, ఒకటి నిలబెట్టి ఒకటి పడుకోబెట్టి చూడండి. మేము ఇద్దరు ఉద్యోగస్తుల ఇల్లు కాబట్టి రాత్రి ఎనిమిదికి చూస్తిమి, అది కూడా మంచిదే అయింది. అవ్వ లేచేది రాత్రే కదా.

కొలత ఒక్కటి కలిస్తే జత సగం కుదిరినట్లే. నేలకు 300 మిల్లీమీటర్ల చదరం, గోడకు 300 వెడల్పు 450 ఎత్తు తీసుకున్నాము. వెడల్పు ఒకటే కాబట్టి నేల మీది గీత గోడకు ఎక్కి అట్లే పైకి పోతుంది. కళ్లకు గది ప్రశాంతంగా ఉంటుంది. షాపుల్లో దీన్ని అడుగు టైలు అంటారు గాని అడుగుకు 304.8 మిల్లీమీటర్లు. గారె మందం కూడా పోతే ఐదు అడుగుల వైపు ఐదు నిండు టైల్స్ పట్టవు, చివరిది కొంచెం కోయాలి. ఆ కోసిన ముక్క తలుపు తీయగానే కనపడే వైపు రాకుండా మేస్త్రితో ముందే గీత గీయించుకోండి.

ఎత్తు ఐదు వరసలు, దాదాపు ఏడున్నర అడుగులు. చుట్టుకొలత ఇరవైనాలుగు అడుగులు, తలుపు తీసేస్తే 108 టైల్స్ దాకా లెక్క వచ్చింది. విరిగేవాటికి పదో వంతు కలిపి 120 తెచ్చినాము, పెట్టెకు ఆరు చొప్పున ఇరవై పెట్టెలు. ప్రతి పెట్టె మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని బండి దింపక ముందే చూసినాము. రెండు పెట్టెలు వేరే బ్యాచ్‌వి వచ్చినాయి, వాపసు పంపినాము. అదే పేరు, అదే రంగు అయినా గోడకు పెట్టినాక తేడా తెలుస్తుంది. తర్వాత కొందాంలే అంటే ఆ బ్యాచ్ మళ్లీ దొరకదు.

మేస్త్రి తమిళం మాట్లాడే పెద్దాయన, నలభై ఏళ్లుగా ఇదే పని. ఆయన పని వరస చూసి నేర్చుకోవాల్సిందే. టైల్స్ కంటే ముందు నేలకు నీళ్లు దిగని పూత వేసి, రంధ్రం మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టినాడు. గుర్తు గీసిన చోటు నుంచి నీళ్లు తగ్గుతాయా అని చూడటం మా టెస్టరు ప్రాణానికి హాయిగా ఉండింది. గోడకు రెండో వరస నుంచి మొదలుపెట్టి పైకి పోయి, తర్వాత నేల వేసి, ఆఖరుకు కింది వరస పెట్టినాడు. గోడ టైలు నేల టైలు మీద కూర్చోవాలి, అప్పుడే గోడ మీది నీళ్లు సందులోకి కాకుండా నేల మీదికి పోతాయి అన్నాడు. ఏడు అడుగులకు ఒక అంగుళం వాలు పెట్టినాడు. ఎక్కువ పెడితే ముసలి మనిషి కాలు తూలుతుందట.

సందుల విషయంలో అవ్వ మళ్లీ ఒక మాట అనింది. సందులు తక్కువ ఉంటే బ్రష్ పని తక్కువ, పెద్ద టైల్స్ తేకపోతిరే అని. నిజమే, కానీ తడి నేల మీద సందు కూడా కాలిని పట్టుకుంటుంది, వాలు కూడా చిన్న టైల్స్‌తోనే బాగా కుదురుతుంది. కాబట్టి సందులు ఉంచి, వాటిలో సిమెంటు బదులు ఎపాక్సీ నింపించినాము. ఖర్చు ఎక్కువే, కానీ నీళ్లు పీల్చదు, మరక పట్టదు. రంగు బూడిదే. ఈ ఒక్కదాంట్లో తెలుపు అడగలేదు ఆమె.

కమోడు పక్కన గోడకు స్టీలు పిడి బిగించాలి. టైల్స్ వేసినాక రంధ్రం కొడితే పగులుతుందేమో అని మేస్త్రి ముందే ఎత్తు అడిగినాడు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు ఆమె చెయ్యి దానంతట అది గోడను ఎక్కడ వెతుక్కుంటుందో చూసి, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టినాము. పుస్తకాల్లో రాసిన ఎత్తు కంటే అది రెండు అంగుళాలు కింద.

మిగిలిన తొమ్మిది టైల్స్ మంచం కింద ఉన్నాయి, షేడ్ నంబరు ఉండే పెట్టెతో సహా.